నీటికి మృదుత్వం – నేలకు ముప్పు

అయాన్ల వినిమయం మొదట నేలలోనే గుర్తింపబడింది. మట్టి అమ్మోనియాను పట్టి ఉంచి, బదులుగా కాల్షియంను విడుదల చేస్తుందని 1850లో ఇంగ్లండులో థాంప్సన్, వే వెల్లడించారు. 1935లో ఆడమ్స్, హోమ్స్ కృత్రిమ రెసిన్లను రూపొందించారు. నేడు గృహాలలో, బాయిలర్లలో నీటి కాఠిన్యాన్ని తొలగిస్తున్నవి ఇట్టి రెసిన్లే.

డ్రిప్పు గొట్టాలలో సున్నం పేరుకుంటున్నదని ఇదే పరికరాన్ని సాగునీటి బోరుకు అమర్చడం మాత్రం సమంజసం కాదు. సోడియం రూపంలోని రెసిన్ కాల్షియం, మెగ్నీషియంలను గ్రహించి, వాటికి తుల్యమైన సోడియంను నీటిలోకి వదులుతుంది. లవణాల మొత్తం తగ్గదు, స్వభావమే మారుతుంది. లీటరుకు కాల్షియం 4, మెగ్నీషియం 4, సోడియం 4 మిల్లీ తుల్యాంకాలున్న నీటిలో సోడియం అధిశోషణ నిష్పత్తి 2. కాల్షియం, మెగ్నీషియం కలిపి 0.5కు తగ్గితే, సోడియం 11.5కు పెరిగి ఆ నిష్పత్తి 23కు చేరుతుంది. అట్టి నీరు పారిన నేలలో బంకమట్టి రేణువులు విడిపోతాయి. పైపొర గట్టిపడి నీరు ఇంకదు. రెసిన్ పునరుద్ధరణకు వాడిన ఉప్పునీరు పొలంలోకి చేరితే నష్టం రెట్టింపవుతుంది.

గొట్టాలలోని సున్నానికి ఆమ్ల చికిత్స, సోడియం అధికంగా గల నీటికి జిప్సం తగిన మార్గాలు. క్షార నేలకు జిప్సం రూపంలో కాల్షియం అందించమని చెప్పే విస్తరణ శాస్త్రవేత్త, నీటిలో సహజంగా ఉన్న కాల్షియంను తొలగించే పరికరాన్ని సమర్థించడం పరస్పర విరుద్ధం. దోషం రెసిన్‌ది కాదు, వినియోగానిది. నీటి పరీక్షా ఫలితాలలో కాఠిన్యం ఒక్కటే చూసి రైతుకు సలహా ఇవ్వరాదు.