సామాను తక్కువ, అడవి తోడు

పట్నంలో ఇప్పుడొక కొత్త మాట నడుస్తోంది, మినిమలిజం అని. ఇంట్లో సామాను తగ్గించుకోండి, అవసరం లేనివి కొనకండి, మనసు తేలికపడుతుంది అంటున్నారు. మంచిమాటే. కానీ తరతరాలుగా అలాగే బతుకుతున్న గూడేన్ని చూసి మాత్రం వెనకబడినోళ్లు అంటారు. పట్నమాయన ఇంట్లో నాలుగే గిన్నెలుంటే అది ఆదర్శం. కొండరెడ్డి ఇంట్లో నాలుగే గిన్నెలుంటే అది అనాగరికం. ఎందుకీ తేడా?

మన పెద్దోళ్ల ఇల్లు గుర్తు చేసుకోండి. వెదురు తడికలు, దండెం మీద నాలుగు బట్టలు, నీళ్లకు సొరబుర్ర, తినడానికి అడ్డాకు విస్తరి. సంతలో కొనేది ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు. చింతపండు, ఇప్పపువ్వు, తేనె, దుంపలు, వెదురు కొమ్ములు అన్నీ అడవిలోనివే. ఇస్తోంది కదాని అడవిని ఊడ్చుకుపోలేదు. కొత్త పండుగ చేయనిదే మామిడికాయ ముట్టరు. ఎప్పుడు ఆగాలో, ఎంత చాలో పిల్లలకు అక్కడే తెలిసేది.

అయితే ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. లేమి వేరు, చాలనుకోవడం వేరు. రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకుపోవడం నిరాడంబర జీవితం కాదు, సర్కారు నిర్లక్ష్యం. రోడ్డు, బడి, ఆస్పత్రి అడగడం అత్యాశ కాదు, మన హక్కు. పిల్లోడి చేతిలో ఫోన్ ఉండటమూ తప్పు కాదు. పక్కింటోడు కొన్నాడని కిస్తీల మీద బండి తెచ్చి, ఆ కిస్తీ కట్టలేక జీడిపంటను కోతకు ముందే షావుకారికి రాసిచ్చేయడం దగ్గరే మనం మోసపోతున్నాం.

తక్కువ సామానుతో ధీమాగా బతికామంటే, వెనక అడవి ఉంది కాబట్టి. దేవీపట్నం మండలంలో పోలవరం ముంపు గూడేలోళ్లను కాలనీలకు తరలించారు. సిమెంటు ఇల్లు వచ్చింది. అడవి దూరమైంది. అడవిలో ఏరుకొచ్చుకున్న కట్టెలు, కూరాకు, చింతపండు ఇప్పుడు డబ్బు పెట్టి కొనాలి. మనిషి చేత అన్నీ కొనిపించాలంటే టీవీ ప్రకటనలే అక్కర్లేదు, వాడి అడవి లాక్కుంటే చాలు.

ఒడిశాలోని నియంగిరిలో డోంగ్రియా కోందులు ఈ సంగతి ముందే గ్రహించారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2013లో అక్కడ 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకం వద్దని 12కి 12 సభలూ తీర్మానించాయి. ఆ కొండ పోతే బతుకంతా కొనుక్కోవాల్సిందేనని వాళ్లకు తెలుసు.

అందుకే సంతలో చెయ్యి జేబులోకి పోయేముందు ఒక్కసారి ఆగుదాం. ఇది మన అవసరమా, అమ్మేవాడి అవసరమా అని అడుగుదాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అందని కుటుంబాలు, సామూహిక హక్కులకు దరఖాస్తే పెట్టని గూడేలు ఇంకా ఉన్నాయి. మీ గూడెం సంగతేంటి? ఈసారి గ్రామసభలో అన్నిటికంటే ముందు ఆ మాటే ఎత్తండి.