మన వాడ ప్లాను మనమే రాసుకుందాం

వాడకు నిధులొచ్చాయంటారు. ఏవీ అని అడిగితే కాగితం చూపిస్తారు. కాగితంలో సిమెంటు రోడ్డుంటుంది. ఆ రోడ్డు వాడ మొగదల మొదలై పెత్తందారు చేనుగట్టు దాకా పోతుంది. వాడలోకి మాత్రం రాదు. మేము తిరిగిన పల్లెల్లో ఇలాంటి రోడ్లు ఒకటీ రెండూ కాదు.

దోచుకునేవాడు దోచుకుంటున్నాడు, నిజమే. కానీ ఆ ప్లాను రాసిందెవరు? కాంట్రాక్టరు రాశాడు. కాదంటే పట్నం నుంచి జీపులో దిగిన సంస్థవాళ్ళు రాశారు. అడుగున వేలిముద్రలు మాత్రం మనవి. పనయ్యాక నిలదీస్తే 'మీరే ఒప్పుకున్నారు గదా' అంటారు.

చట్టం లేదా? ఉంది. దళితుల వాటా కోసం స్పెషల్ కాంపొనెంట్ ప్లాను 1979లోనే వచ్చింది. 2010లో కామన్వెల్త్ ఆటల కోసం ఢిల్లీలో ఆ పద్దు నుంచే వందల కోట్లు మళ్ళించారు. దళిత సంఘాలు కొట్లాడితే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, అదీ పదేళ్ళ గడువుతో. 2023లో ఆంధ్రలో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. ఖర్చుకాని సొమ్ము మరుసటి ఏడాదికి కలపాలని అందులో రాశారు. ఇది ఎవరి దయా కాదు, మన వాటా. అయినా ఏ వాడకు ఏం కావాలో చట్టం రాయదు. అది వాడే రాయాలి.

కాగితం ఒక్కటే చాలదని కూడా మనకు తెలుసు. మహద్ చెరువు అందరిదని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిట పట్టేదాకా ఆ నీళ్ళు అంటరానివాళ్ళ గొంతు దిగలేదు. తీర్మానం వెనక మనుషులుండాలి. మనుషుల చేతిలో తీర్మానమూ ఉండాలి. రెండూ కావాలి.

అయితే ప్లాను ఎట్లా రాయాలి? ముందు కూర్చోవాలి. పగలు కూలికి పోతాం గనక రాత్రి బువ్వలు తిన్నాక కూర్చోవాలి. ఆడవాళ్ళు ముందు మాట్లాడాలి. బిందె మోసేది వాళ్ళు. మగవాళ్ళు కమ్యూనిటీ హాలు అడుగుతారు, ఆడవాళ్ళు నీళ్ళూ మరుగుదొడ్డీ అడుగుతారు. ఇది మేము చాలాచోట్ల చూశాం. మాల వీధి, మాదిగ వీధి రెండూ ఒక్కచోటే కూర్చోవాలి. ఒక వీధి రాసిన ప్లానును రెండో వీధి చేతే కొట్టేయించడం పెత్తందారుకు చిటికెలో పని.

తర్వాత నడవాలి, లెక్కపెట్టాలి. 'వాడలో నీటి ఎద్దడి ఉంది' అని రాస్తే ఎవడూ కదలడు. ఎన్ని ఇళ్ళు, ఎన్ని కుళాయిలు, ఎన్నింటికి నీళ్ళొస్తున్నాయి, బోరు ఎన్ని అడుగుల దూరం? ఇవి రాయండి. శ్మశానం అడిగితే సర్వే నంబరు రాయండి. దారి ఎవరి పొలంలోంచి పోవాలో రాయండి. రికార్డు చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎస్టిమేటు ఇంజనీరు వేస్తాడు, వేయనివ్వండి. కానీ టేపు రెండో కొన మనవాడి చేతిలో ఉండాలి.

ఇక శ్రమదానం సంగతి. గ్రాంటు ఇచ్చేవాళ్ళు ప్రజల వాటా ఎంతని అడుగుతారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లో ఊరి లోపలి పనులకు ప్రజల వాటా 10 శాతం. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్ళకు 5 శాతం. మరి పెద్ద ఊరి చివర నలభై గడపల వాడ సంగతేంటి? ఊరిని బట్టే లెక్కగాని వాడను బట్టి కాదు. అందుకే మన చెమటను దానం అని రాయొద్దు. ఎన్ని రోజులు, ఎంతమంది, రోజుకూలి ఎంత అని రూపాయల్లో కట్టి మన వాటా కింద రాయండి. తరతరాలు వెట్టి చేశాం. వాడ ప్లానులో కూడా వెట్టేనా?

చివరికి గ్రామసభ. నలుగురు పోతే అరిచి కూర్చోబెడతారు. వాడ వాడంతా పోవాలి. తీర్మానం పుస్తకంలో ఎక్కిందాకా కదలొద్దు. నంబరు, తేదీ వేయించి నకలు తెచ్చుకోండి. చదువుకున్న మన పిల్లల చేత దాన్ని వాడలో పైకి చదివించండి. ఖర్చు లెక్క గోడ మీద రాయించండి. మన నాయకుడైనా సరే, లెక్క చెప్పకపోతే అడగండి.

ఇంత చేసినా నిధులు రాకపోవచ్చు. అప్పుడు ధర్నాకు కూర్చున్న మన చేతిలో ఉత్త నినాదం ఉండదు. గజాలతో, రూపాయలతో, సంతకాలతో లెక్క ఉంటుంది. నినాదాన్ని లాఠీతో చెదరగొట్టొచ్చు. లెక్కకు జవాబు చెప్పాల్సిందే.

ఈ పక్షంలోనే ఒక రాత్రి కూర్చుందాం.

జైభీమ్!