ముహూర్తానికి ముందు రక్తపరీక్ష

పాడేరు, అరకు మన్యంలో తరతరాలుగా పసిపిల్లలను పీడిస్తున్న జబ్బుల్లో సికిల్ సెల్ రక్తహీనత ఒకటి. గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. కీళ్లు, ఎముకలు భరించలేని నొప్పి పెడతాయి. కళ్లు పచ్చబడతాయి. ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. దీనిని గాలిచేష్ట అనుకొని కాలం గడిపేవారు కొందరైతే, తల్లి కడుపు మంచిది కాదని నిందించేవారు మరికొందరు.

వాస్తవమేమిటి? రక్తం తీరును నిర్ణయించే జన్యువు ప్రతి బిడ్డకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండింటిలో ఒక్కదానికే లోపం ఉంటే ఆ మనిషి వాహకుడు మాత్రమే, రోగి కాడు. అందరిలాగే కష్టం చేసుకొని బతుకుతాడు. పైగా వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ లోపం నిలిచిపోవడానికి కారణం అదే. లోపం ఇరువైపుల నుంచీ వచ్చినప్పుడే బిడ్డ జబ్బుపడుతుంది. మరి తల్లి ఒక్కతినే నిందించడం ఏం న్యాయం?

వాహకులిద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకవంతు జబ్బు బిడ్డ, రెండువంతులు వాహక బిడ్డ, ఒకవంతు ఏ లోపమూ లేని బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. తొలిచూలు బిడ్డకు జబ్బు వచ్చింది గనుక తరువాతి ముగ్గురికీ రాదనుకోరాదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. వాహకులు ఏ రక్తలోపమూ లేనివారిని చేసుకుంటే బిడ్డలకు ఈ జబ్బు రాదు. మేనరికాల్లో మాత్రం ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇరువైపులా దిగే అవకాశం ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించడం దాని లక్ష్యాలు. ఫలితం తెలిపే కార్డులూ ఇస్తున్నారు. కాని ఆ కార్డు ట్రంకుపెట్టె అడుగున పడి ఉంటే ప్రయోజనమేమిటి?

సంబంధం మాట్లాడేటప్పుడే ఇరుపక్షాల కార్డులూ చూడాలి. పిల్ల కార్డు అడిగి పిల్లవాడి కార్డు దాచడం తగదు. ఒకరే వాహకులని తేలితే సంబంధం చెడగొట్టనక్కరలేదు. ఇద్దరూ వాహకులైతేనే ఆలోచించుకోవాలి. ఇప్పటికే పెళ్లయినవారు నెల తప్పగానే డాక్టరును సంప్రదించాలి. జబ్బుపడిన పిల్లలకు సక్రమంగా మందులు వాడితే నొప్పులు తగ్గుతాయి, ఆయుష్షు పెరుగుతుంది. ముహూర్తాలు పెట్టే ఊరిపెద్దలే ఈ మంచి ఆనవాయితీకి ముందు నడుం కట్టాలి.