నైన్త్ ఆర్పెజియో మొదటి ఏడాదిలోనే నేర్పాలి

గిటార్ గురువులకు, విద్యార్థులకు, తల్లిదండ్రులకు విన్నపం

గిటార్ క్లాసులో చేరిన పిల్లలకు సాధారణంగా ముందు ఓపెన్ కార్డ్‌లు, స్ట్రమ్మింగ్, నాలుగైదు సినిమా పాటలు నేర్పుతారు. తర్వాత పెంటటోనిక్ స్కేల్. సెవెన్త్, నైన్త్, థర్టీన్త్ కార్డ్‌ల ఆర్పెజియోలు మాత్రం ‘అడ్వాన్స్‌డ్’ అనే పేరుతో అటకెక్కుతాయి. వాటి దాకా రాకముందే ఎందరో క్లాసు మానేస్తారు. ఈ వరుస మారాలి.

కార్డ్‌లోని స్వరాలను ఒక్కసారిగా మోగించకుండా ఒకదాని తర్వాత ఒకటి పలికిస్తే అది ఆర్పెజియో. సి మేజర్‌లో సి, ఇ, జి ఉంటాయి. పైన బి చేరితే మేజర్ సెవెన్త్, ఆపైన డి చేరితే మేజర్ నైన్త్. ఇలా పేర్చుకుంటూ థర్టీన్త్ దాకా వెళితే మొత్తం ఏడు స్వరాలవుతాయి. మామూలు గిటార్‌కు ఉన్నవి ఆరు తీగలే. అందుకే థర్టీన్త్ కార్డ్ పట్టేటప్పుడు ఒకటో రెండో స్వరాలు వదిలేస్తారు. ఏడూ వినాలంటే ఆర్పెజియోగా వాయించాల్సిందే.

ఇదంతా పిల్లలకు కష్టమనే వాదన నిలబడదు. సంగీతం నేర్చిన తెలుగు ఇళ్లలో హంసధ్వని తెలియనివారు అరుదు. సరిగపనిస. సి ని షడ్జమంగా పెట్టుకుంటే ఆ రాగ స్వరాలు సి, డి, ఇ, జి, బి. అచ్చంగా సి మేజర్ నైన్త్ స్వరాలే! ‘వాతాపి గణపతిం’ విన్న చెవికి ఈ ధ్వని పరాయిది కాదు. అయితే రాగమూ కార్డూ ఒకటని చెప్పకూడదు. రాగానికి గమకాలున్నాయి, తనదైన నడక ఉంది. ఆర్పెజియో స, గ, ప, ని, పై రి అంటూ స్వరం విడిచి స్వరం ఎక్కుతుంది. ఆ తేడాను పాడి చూపిస్తే పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది.

వేళ్ల పని చూద్దాం. అయిదో తీగ మూడో ఫ్రెట్‌లో నడిమి వేలు: సి. నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో చూపుడు వేలు: ఇ. అదే తీగ అయిదో ఫ్రెట్‌లో చిటికెన వేలు: జి. మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు: బి. రెండో తీగ మూడో ఫ్రెట్‌లో మళ్లీ నడిమి వేలు: డి. అంతే. చెయ్యి జరపకుండా నాలుగు ఫ్రెట్ల మధ్యే అయిదు స్వరాలూ దొరికాయి. స్కేల్ వాయించగల పిల్లలు దీన్ని వాయించలేకపోవడానికి కారణమే లేదు.

ఈ పై స్వరాల విలువ జాజ్ చరిత్రలోనూ కనిపిస్తుంది. 1939లో న్యూయార్క్‌లో శాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్, గిటారిస్ట్ బిడ్డీ ఫ్లీట్‌తో సాధన చేస్తూ కార్డ్ పై అంచున ఉండే స్వరాలతోనే మెలడీ అల్లవచ్చని పట్టుకున్నారు. బీబాప్ అనే జాజ్ శైలికి అదొక ముఖ్యమైన మలుపు. ఇక జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీకి నొటేషన్ చదవడం వచ్చేది కాదు. ఆయన మరో గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, వాటిని వాయిస్తూ ఎదిగారు. నైన్త్ కావాలంటే ముందు థియరీ పుస్తకం పూర్తిచేయాలనే గురువులు మాంట్‌గోమరీని గుర్తు చేసుకోవాలి.

సాధనలో ఒక కిటుకు ఉంది. డి మైనర్ నైన్త్‌లో మూల స్వరం తీసేస్తే మిగిలేవి ఎఫ్, ఎ, సి, ఇ. అంటే ఎఫ్ మేజర్ సెవెన్త్! అలాగే సి మేజర్ నైన్త్‌లో సి తీసేస్తే ఇ మైనర్ సెవెన్త్. బేస్‌లో మూల స్వరం మోగుతుంటే, వచ్చిన సెవెన్త్ ఆర్పెజియోలే నైన్త్‌గా వినిపిస్తాయి. కొత్తగా బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ.

మెట్రోనోమ్ 60 మీద క్లిక్కుకు ఒక స్వరం, తర్వాత రెండు, ఆపైన నాలుగు. కర్ణాటక సంగీతంలో మూడు కాలాల సాధన లాంటిదే. ఒక ఆకారాన్నే పైకీ కిందికీ పరిగెత్తిస్తే వేళ్లు బలపడతాయి కానీ సంగీతం రాదు. డి మైనర్ నైన్త్ నుంచి జి నైన్త్‌కు (ఇది డామినెంట్ నైన్త్), అక్కడి నుంచి సి మేజర్ నైన్త్‌కు ఆగకుండా మారాలి. మొదటి మార్పులో సి స్వరం బి కి, రెండో దానిలో ఎఫ్ ఇ కి అరమెట్టు దిగుతాయి. ఆ దిగడాన్ని ముందు గొంతుతో పాడించాలి, తర్వాతే వాయించాలి.

వచ్చే జూన్‌లో కొత్త బ్యాచ్‌లు మొదలుపెట్టే గురువులు మేజర్, మైనర్, డామినెంట్ నైన్త్ ఆర్పెజియోలను మొదటి ఏడాది పాఠాల్లో చేర్చాలి. తల్లిదండ్రులు కూడా క్లాసులో చేర్చేటప్పుడు పాటల జాబితాతో పాటు ఈ పాఠం ఉందో లేదో అడగాలి.