గ్రౌండ్‌లో గుక్కెడు నీళ్లు: కోరమండల్ ఫుట్‌బాల్ ప్రేక్షకుల పక్షాన



ఫుట్‌బాల్ చూడటానికి వచ్చిన మనిషికి తాగడానికి మంచినీళ్లు, తినడానికి శుభ్రమైన తిండి, అవసరమైతే వెళ్లడానికి మరుగుదొడ్డి ఉండాలి. పెద్ద నగరాల స్టేడియాల్లోనైనా, కోరమండల్, మారికుప్పం, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్ చుట్టుపక్కల మైదానాల్లోనైనా ఈ మూడూ సరిగ్గా దొరకడం లేదు. ఇది చిన్న విషయమనీ, సంఘాలు మాట్లాడాల్సిన అంశం కాదనీ అనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. దీన్ని న్యాయం విషయంగానే చూడాలని మేము కోరుతున్నాం.

ఈ ఊరి చరిత్ర తెలిసినవారికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా మన తాతలు, తండ్రులు భూమిలోకి దిగి పనిచేశారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడి వేడిలో నీళ్లే ప్రాణం. పైన దొరలకు క్లబ్బు, గోల్ఫ్ మైదానం. కింద కార్మికుడికి సద్దిమూట, నీళ్లసీసా. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులూ ఒకే లైన్లలో కాపురముండి, ఒకే మైదానంలో బంతి తన్నారు. వాళ్లలో అత్యధికులు దళితులు. గని పోయింది, పెన్షన్లూ ఇళ్ల పట్టాలూ వివాదాల్లో పడ్డాయి, పొద్దున్నే బెంగళూరు రైలెక్కే బతుకు వచ్చింది. బంతి మాత్రం మిగిలింది. ఆదివారం సాయంత్రం టికెట్ లేకుండా, లేదా పది ఇరవై రూపాయలతో, కుటుంబమంతా కలిసి చూడగలిగిన సంబరం మనకు ఇంకేముంది?

తెలుగువారికి ఫుట్‌బాల్ కొత్త కూడా కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. ఆటగాళ్ల గురించి ఎంతో కొంత రాశాం, చెప్పుకున్నాం. ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ల దాహం గురించి ఎవరూ రాయలేదు.

పావుగంట లెక్క

సమస్య ఎక్కడుందో చూద్దాం. మ్యాచ్ 90 నిమిషాలు, మధ్యలో విరామం 15 నిమిషాలు. ఆట జరుగుతుండగా ఎవరూ లేవరు. కాబట్టి అందరూ ఆ పావుగంటలోనే కౌంటర్ మీద పడతారు. ఒక మనిషికి సరుకిచ్చి చిల్లర లెక్కపెట్టడానికి అరనిమిషం పడుతుందనుకుంటే, ఒక కౌంటర్ విరామంలో 30 మందికే అందించగలదు. వెయ్యిమంది వచ్చినచోట రెండు కౌంటర్లు పెడితే 60 మందికి తిండి దొరుకుతుంది. మిగిలినవాళ్లు తోపులాటలో నిలబడి, రెండో సగం మొదలయ్యాక ఖాళీ చేతులతో తిరిగొస్తారు. ఆ తోపులాటలో ముందు వెనక్కి తగ్గేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగులు.

దీనికి మందు ఖరీదైంది కాదు. నీళ్లను తిండి నుంచి వేరుచేయాలి. నీళ్లకు డబ్బు, టోకెన్, క్యూ ఏవీ ఉండకూడదు. మైదానం నాలుగు వైపులా కుండలో, కుళాయి డబ్బాలో పెట్టాలి. తిండి అమ్మకం మ్యాచ్‌కు గంట ముందే మొదలుపెట్టాలి. టోకెన్లు ముందే అమ్మితే విరామంలో చిల్లర గొడవ ఉండదు. బుట్టలు పట్టుకుని జనం మధ్య తిరిగి అమ్మేవాళ్లుంటే సగం రద్దీ అక్కడికక్కడే తగ్గుతుంది. రైల్లో పల్లీలమ్మే మనిషికి తెలిసిన ఈ లెక్క పెద్ద స్టేడియాల కాంట్రాక్టర్లకు తెలియదా? తెలుసు. తిరిగి అమ్మేవాడికి చోటిస్తే కాంట్రాక్టు విలువ తగ్గుతుందన్నదే వారి భయం.

సీసా లాక్కున్న చెయ్యి

పెద్ద స్టేడియాల్లో గేటు దగ్గర నీళ్లసీసాలు తీసేసుకుంటారు. ఎవరైనా మైదానంలోకి విసురుతారన్న భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే సీసా లాక్కున్న చెయ్యే గ్లాసుతో నీళ్లు అందించాలి. బయట దొరికే సీసాను లోపల రెట్టింపు ధరకు కొనక తప్పని పరిస్థితి కల్పించడం దాహంతో వ్యాపారం చేయడమే. ముద్రించిన ధరకు మించి అమ్మకూడదని తూనికలు కొలతల చట్టం చెబుతోంది. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. కానీ కుర్చీ, బల్ల, వడ్డన ఏమీ లేని స్టేడియం కౌంటర్ ఆ నీడలో దాక్కోవడం సరికాదన్నది మా అభిప్రాయం.

సాధ్యం కాదనేవారికి ఒక ఉదాహరణ. 2023లో మన దేశంలో జరిగిన క్రికెట్ ప్రపంచకప్‌లో ప్రేక్షకులకు ఉచితంగా తాగునీరు ఇస్తామని బీసీసీఐ ప్రకటించింది. డబ్బున్న క్రికెట్‌కే అది తోచినప్పుడు, పేదల ఆటైన ఫుట్‌బాల్‌కు ఇంకా ముందే తోచాలి. మన మైదానం లెక్క వేసి చూడండి. వెయ్యిమందికి తలా అరలీటరు అంటే 500 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు పాతిక. డబ్బా 40 రూపాయలనుకున్నా మొత్తం వెయ్యి రూపాయలు. టోర్నమెంటు ముగింపు రోజు ముఖ్య అతిథులకు కప్పే శాలువాలకు ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇంకో మాట. కోలారు జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. బోరునీళ్లు డ్రమ్ములో పోసి పెడితే బాధ్యత తీరిపోదు, శుద్ధిచేసిన నీళ్లే పెట్టాలి. నీళ్లు తాగిన మనిషికి మరుగుదొడ్డి కూడా కావాలి. అది లేని మైదానానికి వచ్చే మన అక్కచెల్లెళ్లు పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు. అందుకే నీళ్ల గురించి మాట్లాడేవారు ఆడవాళ్ల మరుగుదొడ్ల గురించి కూడా మాట్లాడి తీరాలి.

ఎవరి చేతి తిండి?

కోలారు నేల మీద తిండికి కరువు లేదు. రాగి అంబలి, మజ్జిగ, ఉడికించిన పల్లీలు, గుగ్గిళ్లు, మసాలా బొరుగులు, శ్రీనివాసపురం మామిడి ముక్కలు, బెంగళూరు దాకా పేరుపొందిన బంగారుపేట పానీపూరీ. ఎండపూట అంబలి ఇచ్చే సత్తువ రంగునీళ్ల సీసా ఇవ్వదు. అయినా పెద్ద మ్యాచ్ వస్తే ఇవన్నీ గేటు బయటే ఆగిపోతాయి, లోపల కంపెనీ చిప్స్, కూల్‌డ్రింక్స్ మాత్రమే ఉంటాయి.

2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు బ్రెజిల్‌లోని సాల్వదోర్ నగరంలో ఇదే పోరాటం జరిగింది. అలసందల పిండితో చేసే అకరాజె అనే వడను అక్కడి నల్లజాతి స్త్రీలు తరతరాలుగా అమ్ముతున్నారు. ఫొంతె నోవా స్టేడియం దగ్గర వాళ్లు అమ్మకూడదని ఫీఫా ఆంక్షలు అడ్డొచ్చాయి. ఆ స్త్రీలు తమ సంఘం తరఫున వేల సంతకాలు సేకరించి పోరాడారు. చివరికి ఆరుగురికి స్టేడియం ఆవరణలో అమ్ముకునే హక్కు దక్కింది. ఆరుగురే అయినా, ఫీఫా అంతటి సంస్థ తలవంచింది.

మనకూ చట్టం అండ ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు, ఆ ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలు ఉండాలి. మ్యాచ్ రోజుల్లో మైదానం దగ్గర ఎవరికి చోటివ్వాలో ఆ కమిటీ ముందు తేల్చాలని రాబర్ట్‌సన్‌పేట నగరసభను అడుగుదాం. చోటు ఇచ్చేటప్పుడు గని కార్మికుల కుటుంబాల స్త్రీలకు, స్వయం సహాయక బృందాలకు మొదటి అవకాశం ఇవ్వాలి. వారికి ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ చేయించడం, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, మూతలున్న పాత్రలు సమకూర్చడం మన యువజన సంఘాలు చేయగలిగిన పని.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా పూర్తిగా చావలేదు. ఫలానావాళ్లు వండితే తినరు, ఫలానావాళ్లు ముట్టిన కుండలో తాగరు అనే మాట టోర్నమెంటు కమిటీల్లోనూ గుసగుసగా వినిపిస్తుంది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ మహాడ్‌లో చెరువు నీళ్లు దోసిట పట్టి తాగింది ఈ గుసగుస మీద తిరుగుబాటుగానే. సమరయ స్త్రీని నీళ్లు అడిగినప్పుడు మన ప్రభువు చెరిపింది కూడా ఈ గీతనే. కాబట్టి మైదానంలో అందరికీ ఒకే కుండ, ఒకే రకం గ్లాసు, ఎవరు వండినా ఒకే గౌరవం ఉండాలి. ఇది పోస్టరు మీద రాయాల్సిన మాట కాదు, వంతుల జాబితాలో కనిపించాల్సిన మాట.

ధర తగ్గితే నష్టమా?

చౌకగా ఇస్తే నిర్వాహకులు మునిగిపోతారని ఒక వాదన. 2017లో అట్లాంటాలో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ స్టేడియం, అంతకుముందున్న పాత స్టేడియంతో పోలిస్తే తిండి ధరలను సగానికి తగ్గించింది. మొదటి సీజన్‌లో ఒక్కో ప్రేక్షకుడు తిండిమీద పెట్టిన ఖర్చు 16 శాతం పెరిగింది. జనం ముందుగా వచ్చారు, ఎక్కువసార్లు కొన్నారు. అమెరికా లెక్క ఉన్నదున్నట్టు మనకు సరిపోదు. అయినా, దోచుకుంటేనే లాభమన్న నమ్మకాన్ని ఆ లెక్క తప్పని చూపింది.

చెత్త భయం కూడా న్యాయమైనదే. జర్మనీ స్టేడియాల్లో గ్లాసుకు కొంత డిపాజిట్ తీసుకుని, గ్లాసు తిరిగిచ్చినప్పుడు ఆ డబ్బు వెనక్కిస్తారు. మన దగ్గర స్టీలు గ్లాసుతో అదే పని చేయొచ్చు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాల మీద దేశవ్యాప్తంగా 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. సైనైడ్ దిబ్బల దుమ్ము పీల్చి బతికిన ఊరు ఇంకో దిబ్బను తయారుచేసుకోకూడదు.

సారా గురించి కూడా ఒక మాట. గనుల కాలంలో జీతం రోజున సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో మన అమ్మమ్మలకు తెలుసు. 2007లో కర్ణాటక సారాను నిషేధించింది, కానీ తాగుడు పేరు మార్చుకుని గ్రౌండ్ గోడల వెనక ఇంకా ఉంది. తాగినవాళ్లను దూషించి లాభం లేదు. లోపల కుటుంబాలు కూర్చునే చోటు, వేడి టీ, తినడానికి ఏదైనా ఉంటే గోడ వెనక చోటు దానంతటదే ఖాళీ అవుతుంది. గుట్కా, మద్యం కంపెనీలు వేరే పేర్లతో ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను మాత్రం మన సంఘాల టోర్నమెంట్లు ఖచ్చితంగా తిరస్కరించాలి.

మన సంఘాల వంతు

ఐదు రొట్టెలు, రెండు చేపల సంగతి మనందరం ఎన్నోసార్లు విన్నాం. ఆ వృత్తాంతంలో మనం అంతగా పట్టించుకోని వివరాలున్నాయి. ప్రభువు జనాన్ని తోసుకోనివ్వలేదు, పచ్చగడ్డి మీద వందేసి మందిగా, యాభయ్యేసి మందిగా కూర్చోబెట్టాడు. ఇచ్చిన రొట్టెలు యవల రొట్టెలు, ఆనాటి పేదల తిండి, మన రాగిముద్ద లాంటిది. ఇచ్చింది ఒక చిన్నవాడు. తిన్నాక మిగిలినవి పారేయకుండా గంపలకు ఎత్తించాడు. క్రమం, పేదల తిండి, చిన్నవారి చేతులు, వృథా లేకపోవడం: మన మైదానానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

అందుకే సంఘాలకు, యువజన బృందాలకు మా విన్నపాలు ఇవి.

1. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు మనమే పెట్టే టోర్నమెంట్లతో మొదలుపెడదాం. మన ఇంట్లో చేయనిది నగరసభను అడిగే హక్కు మనకు లేదు.

2. వేసవి మ్యాచ్‌లన్నిటికీ చలివేంద్రం పెడదాం. తెలుగు, తమిళ, కన్నడ సంఘాలు వంతులు వేసుకోవాలి. నీళ్లతోపాటు కరపత్రం చేతిలో పెట్టొద్దు. దాహం తీర్చడానికి షరతు పెడితే అది సాక్ష్యం అనిపించుకోదు.

3. ప్రతి టోర్నమెంటు కమిటీలో ఇద్దరు స్త్రీలకు నీళ్లు, తిండి, మరుగుదొడ్ల బాధ్యతతోపాటు దానికి తగిన డబ్బు, నిర్ణయాధికారం కూడా ఇవ్వాలి. డబ్బు లేని బాధ్యత ఇంకో చాకిరీ అవుతుంది.

4. అమ్మే ప్రతి వస్తువు ధర పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయాలి.

5. బెంగళూరు కంఠీరవ స్టేడియానికి రైలెక్కి వెళ్లే మన కుర్రాళ్లు అక్కడి అభిమాన బృందాలతో కలిసి, ఉచిత నీళ్ల కోసం నిర్వాహకులకు రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. పదిమంది కోపంగా అరిచిన దానికన్నా, వందమంది సంతకం చేసిన కాగితం ఎక్కువ దూరం పోతుంది.

గనులు మళ్లీ తెరుస్తారా, ఆ భూములు ఎవరికి పోతాయి అన్న పెద్ద ప్రశ్నలు ఢిల్లీలో, బెంగళూరులో తేలాలి. నీళ్లకుండ సంగతి తేల్చడానికి అంత దూరం పోనక్కర్లేదు. వచ్చే టోర్నమెంటుకు బంతి, నెట్టు, విజిల్ కొనే జాబితాలో పాతిక డబ్బాల నీళ్లు, వంద స్టీలు గ్లాసులు కూడా రాయండి. ఆ జాబితా రాసేది మీరే కనుక, ఈ మాట ముందుగా మీతోనే చెబుతున్నాం.