సుత్తి, మేకు, నెయిల్ గన్, ఇంకా మా అన్నయ్య బొటనవేలు

సుత్తి అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పనిముట్టు కాదు. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' తీసిన దగ్గర్నించీ ఆ మాటకి అర్థమే మారిపోయింది. వీరభద్రరావు గారికీ, వేలు గారికీ ఇంటిపేరై కూర్చుంది. కాబట్టి "ఇవాళ సుత్తి గురించి రాస్తున్నా" అంటే మీరు చదవకుండానే వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. కాస్త ఆగండి. నేను చెప్పేది నిజం సుత్తి గురించే. ఇంకా చెప్పాలంటే, దాని కుర్చీలో వచ్చి కూర్చున్న నెయిల్ గన్ గురించి.

మా ఊళ్ళో మా ఇంటి వెనక సందులో ఒక వడ్రంగి తాత ఉండేవాడు. వేసవి సెలవులొస్తే నా మకాం ఆయన పాకలోనే. ఆయన ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా, గవ్వలా వంకర తిరిగి ఉండేది. రోజూ పని అయిపోయాక సుత్తిని తలకిందులుగా నీళ్ళ బొక్కెనలో పెట్టేవాడు. ఎందుకు తాతా అంటే, కర్ర ఉబ్బి తలకాయ బిగుస్తుందనీ, లేకపోతే అది ఊడి ఎగిరిందంటే ఎవడి నుదుటి మీద రాసుందో ఎవడికీ తెలీదనీ చెప్పాడు. ఒకరోజు నా గోల పడలేక ఒక చెక్కముక్కా, నాలుగు మేకులూ ఇచ్చాడు. ముందు రెండు చిన్న దెబ్బలు వెయ్యి, మేకు తనంతట తాను నిలబడ్డాక చెయ్యి తీసెయ్, అప్పుడు కొట్టు అన్నాడు. నేను చెయ్యి తియ్యలేదు. వేలు వాచి వంకాయంత అయింది. ఆయన దాన్ని బొక్కెనలో ముంచి, "ఇంక నీకు చెప్పక్కర్లేదు" అన్నాడు. నిజమే, ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సుత్తిలో ఉన్న మంచి గుణం అదే. తప్పు ఎంతో శిక్షా దాదాపు అంతే. చిన్న తప్పుకి చిన్న దెబ్బ, గోరు నల్లబడటం, నాలుగు రోజులు అన్నం కలుపుకోలేకపోవడం. పైగా దెబ్బకి దెబ్బకి మధ్య చెయ్యెత్తాలి, దించాలి. ఆ కాస్త సమయంలోనే బుర్ర పనిచేస్తుంది. అలాగని సుత్తి అమాయకురాలని కాదు. సుత్తితో సుత్తిని కొడితే ఉక్కు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది, కన్ను పోయినవాళ్ళూ ఉన్నారు. కానీ మొత్తమ్మీద అది బెత్తం పట్టుకున్న మేష్టారు లాంటిది. గన్ అలా కాదు. వెయ్యి సార్లు ఏమీ అనదు, వెయ్యిన్నొకటో సారి ఒక్కసారే అంటుంది.

సరే, అసలు విషయానికొస్తాను.

నాలుగేళ్ళ క్రితం మెమోరియల్ డే వారాంతం. నేను సెయింట్ లూయిస్ శివార్లలో ఇల్లు కొనుక్కుని అప్పటికి ఏడాది. పెరట్లో సామాన్ల షెడ్డు కడదామన్న బుద్ధి పుట్టింది. ఇండియాలో ఉన్నప్పుడు బల్బు మార్చడానికి కూడా ఎలక్ట్రీషియన్ని పిలిచినవాళ్ళం, ఇక్కడికొచ్చి రెండేళ్ళు హోమ్ డిపోలో తిరిగేసరికి విశ్వకర్మలమైపోతాం. మా తోడల్లుడు కాన్సస్ సిటీ నుంచి సాయానికొచ్చాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అన్నయ్యా అని పిలుస్తాను. ఆయన వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, నాది కోడ్ రాయడం. కాబట్టి మా మధ్య వాదనలకి లోటు లేదు.

ఊళ్ళో అద్దెకిచ్చే ఒక షాపులో ఫ్రేమింగ్ నెయిలరూ, కంప్రెసరూ తీసుకొచ్చాం. కౌంటర్లో కుర్రాడు సంతకం పెట్టించుకుని, నూనె చుక్క ఎక్కడ వెయ్యాలో చూపించి, హ్యావ్ ఫన్ అన్నాడు. అంతే. మొదటి రోజు ఒక్కో మేకూ ఆగి ఆగి కొట్టాం. రాత్రి నేను యూట్యూబ్‌లో చూశాను. ఒకాయన ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, గన్ను మూతిని చెక్కమీద టక టక ఆనిస్తూ పోతున్నాడు, ఆనించిన చోటల్లా మేకు దిగిపోతోంది. మర్నాడు మా గన్‌తో అలా చేసి చూశాను. చేసింది! మధ్యాహ్నానికి మూడు గోడలు లేచాయి.

నాలుగో గోడకి అన్నయ్య నిలువు కర్రని ఎడమచేత్తో పట్టుకున్నాడు. గన్ నా చేతిలో ఉంది. ఒక మేకు దిగింది. గన్ వెనక్కి తన్నింది, నా వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, మూతి మళ్ళీ చెక్కకి తగిలింది. రెండో మేకు వెళ్ళింది. అది ముందు దిగిన మేకు తలకి కొట్టుకుందో, ముడి దగ్గర తిరిగిందో తెలీదు కానీ, పక్కకి వచ్చి అన్నయ్య బొటనవేలి మొదట్లోంచి దూరి అవతలికి తేలింది. ఆయన అరవలేదు. "అరే, పట్టుకుపోయింది" అన్నాడు, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు.

నేను చేసిన రెండో తెలివితక్కువ పని, ప్లయర్ తెచ్చి మేకు పీకబోవడం. వదిన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత ఎమర్జెన్సీలో డాక్టరు ఆమెకి దండం పెట్టినంత పని చేశాడు. ఈ గన్ను మేకులు విడిగా రావు, ప్లాస్టిక్‌తోనో, కాగితంతోనో, తీగతోనో దండలా గుచ్చి వస్తాయి. మేకుతో పాటు ఆ ముక్కలు కూడా ఒంట్లోకి పోతాయి. పీకితే అవి లోపలే ఉండిపోయి చీము పట్టొచ్చు, పీకేటప్పుడు నరమో, స్నాయువో ఇంకా తెగొచ్చు. చివరికి స్నాయువు కుట్టడానికి ఆపరేషన్ అయింది. ఇప్పటికీ ఆయన బొటనవేలి చివరి కణుపు వంగదు. వాట్సాప్‌లో మెసేజీలు ఒంటి చేత్తోనే కొడతాడు, అందుకని ఆయన జవాబులన్నీ రెండు మాటలకి మించవు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఇది రాయడానికి కారణం కూడా అదే. అత్తగారు ఫోన్ చేసి "ఎలా జరిగింది బాబూ?" అని అడిగితే "అన్నయ్య చెయ్యి మరీ దగ్గరగా పెట్టాడండీ" అన్నాను. స్నేహితులకీ అదే చెప్పాను. ఆఫీసులో కూడా. అన్నయ్య ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఒకసారి అన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. అబద్ధం కాదు కూడా, చెయ్యి దగ్గరగానే ఉంది. కానీ ఆయన చేతిలో గన్ లేదు కదా!

మనసు ఊరుకోక తర్వాత చదవడం మొదలుపెట్టాను. ఇక్కడి ప్రభుత్వ సంస్థలు నియోష్, ఓషా కలిసి 2011లో కాంట్రాక్టర్ల కోసం నెయిల్ గన్ మీద ఒక చిన్న పుస్తకం వేశాయి. ఎక్కడా గంభీరమైన భాష లేదు, మా ఆఫీసు డాక్యుమెంట్ల కంటే వందరెట్లు నయం. మా చేతిలో ఉన్నది ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది అది చదివాకే.

గన్‌కి రెండు మీటలుంటాయి. ఒకటి వేలితో నొక్కే ట్రిగ్గరు, రెండోది మూతి దగ్గర చెక్కకి ఆనిస్తే లోపలికి పోయే ముక్కు. రెండూ నొక్కుకుంటేనే మేకు వెళ్తుంది. తేడా ఎక్కడంటే, కాంటాక్ట్ ట్రిగ్గర్ రకంలో ఏది ముందు, ఏది వెనక అన్నది గన్‌కి పట్టదు. మా భాషలో చెప్పాలంటే అది ఉత్త అండ్ కండిషను. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే, ముక్కు దేనికి తగిలినా మేకే. అది చెక్క కావచ్చు, మోకాలు కావచ్చు, నిచ్చెన మీంచి దిగుతున్నప్పుడు కింద ఉన్నవాడి భుజం కావచ్చు. పూర్తి సీక్వెన్షియల్ రకం అలా కాదు. ముందు ముక్కు ఆనాలి, ఆ తర్వాతే ట్రిగ్గరు. ఇంకో మేకు కావాలంటే రెండూ వదిలి మళ్ళీ మొదట్నించీ. అంటే దానికి వరస గుర్తుంటుంది. మొదటి సెమిస్టర్ విద్యార్థికి ఇస్తే గంటలో గీసి చూపించే స్టేట్ మెషీన్. ఆ వరస మా గన్‌కి గుర్తుండి ఉంటే, వెనక్కి తన్ని మళ్ళీ తగిలినప్పుడు రెండో మేకు వెళ్ళేది కాదు.

అంకెలు చూస్తే మేమొక్కళ్ళమే కాదని తెలిసింది. 2001 నుంచి 2005 దాకా అమెరికాలో ఏటా సగటున 37,000 మంది నెయిల్ గన్ గాయాలతో ఎమర్జెన్సీకి వెళ్ళారు. అందులో 40 శాతం మాలాంటి ఇంటి విశ్వకర్మలే. ఇలాంటివాళ్ళ గాయాలు 1991తో పోలిస్తే 2005కి మూడు రెట్లు దాటాయి. గన్‌లు చవకై, ఏ షాపులో పడితే ఆ షాపులో దొరకడం మొదలయ్యాక వచ్చిన ముచ్చట ఇది. అసలు పని నేర్చుకునే కుర్రాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఇళ్ళు కట్టే పనిలో చేరిన అప్రెంటిస్ వడ్రంగుల్లో నాలుగేళ్ళలో ప్రతి అయిదుగురిలో ఇద్దరికి దెబ్బ తగిలిందని ఆ పుస్తకమే చెప్తుంది. కాంటాక్ట్ ట్రిగ్గర్‌తో ప్రమాదం సీక్వెన్షియల్ దానికి రెట్టింపు అని తేల్చిన డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ అధ్యయనం ఎక్కడ జరిగిందనుకున్నారు? మా సెయింట్ లూయిస్ ప్రాంతపు అప్రెంటిస్‌ల మీదే. నా ఇంటికి అరగంట దూరంలో ఉన్న జ్ఞానం నాకు చేరడానికి ఒక వేలు ఖర్చయింది.

2005లో కొలరాడోలో ఒకాయన పంటినొప్పని డెంటిస్టు దగ్గరికి వెళ్తే ఎక్స్‌రేలో నాలుగంగుళాల మేకు కనిపించిన వార్త మీలో కొందరు చూసే ఉంటారు. గన్ వెనక్కి తన్నినప్పుడు నోట్లోంచి పైకి దిగిన మేకుతో ఆయన దాదాపు వారం తిరిగాడు. అలాంటివి విని అబ్బురపడి మర్చిపోతాం. నిజానికి గాయాల్లో సగానికి పైగా చేతులకీ, వేళ్ళకీ తగిలేవి. అవి వార్తల్లోకి రావు.

ఇప్పుడు నా గొడవ. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అనే మాట, "జాగ్రత్తగా ఉండాలి కదండీ." మనకి జాగ్రత్త అన్నది సర్వరోగ నివారిణి. బస్సెక్కేటప్పుడు జాగ్రత్త, విమానమెక్కేటప్పుడు జాగ్రత్త, చేతికి మేకు దిగాక కూడా జాగ్రత్త. మేం చెయ్యి 12 అంగుళాల దూరంలో పెట్టాల్సిందే, అది పుస్తకంలో ఉంది, ఒప్పుకుంటాను. కానీ రెండో రోజు మధ్యాహ్నం, ఎండలో, మూడు గోడలు లేచిన ఉత్సాహంలో మనిషి జాగ్రత్త తగ్గుతుంది. తగ్గుతుందని తెలిసీ, తగ్గినప్పుడు కాపాడే భాగం ఏదో తెలిసీ, అది లేనిదాన్ని ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టడం తప్పు ఎవరిది? మా పనిలో యూజరు పొరపాటున ఒక బటన్ నొక్కితే డేటాబేసు మొత్తం చెరిగిపోయిందనుకోండి, "యూజరు జాగ్రత్తగా ఉండాలి" అని బగ్గు మూసేస్తే మా అన్నయ్యలాంటి టెస్టరు ఊరుకుంటాడా?

సీక్వెన్షియల్ అయితే పని నెమ్మది అంటారు. ఎంత నెమ్మది? అదీ కొలిచారు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో అనుభవమున్న పది మంది వడ్రంగుల చేత తలా రెండు చిన్న షెడ్లు, ఒకే కొలతలవి, ఒక్కో రకం ట్రిగ్గర్‌తో ఒక్కోటి కట్టించారు. మేకులు కొట్టే సమయం కాంటాక్ట్ ట్రిగ్గర్‌తో సగటున 10 శాతం తగ్గింది. కానీ మొత్తం షెడ్డు కట్టే సమయంలో అది ఒక్క శాతం కూడా లేదు. ఎందుకంటే మిగతా అంతా కొలవడం, కొయ్యడం, మొయ్యడం, గీత తప్పాక తిట్టుకోవడం. ట్రిగ్గరు తేడా కంటే వడ్రంగికీ వడ్రంగికీ మధ్య తేడానే ఎక్కువ. పొద్దస్తమానం కప్పు మీద పలకలు పరుస్తూ వేల మేకులు కొట్టేవాడి సంగతి వేరని ఒప్పుకుంటాను, వేలు నొప్పి పుడుతుందన్న మాటా నిజమే. చదరపు అడుగుల లెక్కన కూలి తీసుకునే ముఠాలకి నిమిషం కూడా డబ్బే. అయినా ఆ ముఠాల్లో ఎక్కువమంది మెక్సికో నుంచీ, మధ్య అమెరికా నుంచీ వచ్చినవాళ్ళు. దెబ్బ తగిలితే గుడ్డ కట్టుకుని మర్నాడు పనికొస్తారు తప్ప చెప్పరు. వాళ్ళ కోసం నియోష్ వాళ్ళు ఇదంతా బొమ్మల కథగా, స్పానిష్‌లో కూడా వేశారు. మంచి పనే. కానీ 2011 పుస్తకం సలహా మాత్రమే, చట్టం కాదు. బొమ్మల కథ చదివిన కుర్రాడు మేస్త్రీ ఇచ్చిన గన్ వద్దనగలడా?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. అద్దెకిచ్చే ప్రతి గన్‌కీ, వారాంతపు వీరులకి అమ్మే ప్రతి గన్‌కీ సీక్వెన్షియల్ ట్రిగ్గరే బిగించి ఇవ్వాలి. ఇంకో రకం కావలసినవాడు అడిగి, మార్పించుకుని తీసుకెళ్ళాలి. అడగనివాడికి దొరికేది ప్రమాదం తక్కువది అయి ఉండాలి.

పోయినేడాది హైదరాబాదు వెళ్తే మా తమ్ముడి కొత్త ఫ్లాట్‌లో కప్‌బోర్డుల పని జరుగుతోంది. సుత్తి చప్పుడు లేదు. కంప్రెసరు, చిన్న మేకుల గన్. ఇరవై ఏళ్ళు కూడా లేని కుర్రాడు, కాళ్ళకి హవాయి చెప్పులు, కళ్ళద్దాలు నెత్తిమీద. ప్లైవుడ్ అంచు మీద ఎడమచెయ్యి, సరిగ్గా మేకు పక్కకి తేలే చోట. ఈ గన్ ట్రిగ్గరు ఏ రకమని అడిగాను. "ఇది ఇట్లనే వస్తది సార్" అన్నాడు. చెయ్యి కాస్త వెనక్కి పెట్టమన్నాను, కళ్ళద్దాలు దించమన్నాను. దించాడు. నేను లిఫ్ట్ ఎక్కేలోపు మళ్ళీ పైకి పెట్టేసి ఉంటాడు. మా తమ్ముడు "వాళ్ళకి అలవాటేలే అన్నయ్యా" అన్నాడు.

షెడ్డు ఆ ఏడాదంతా మూడు గోడలతో, టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది. మరుసటి వసంతంలో అన్నయ్యే ఫోన్ చేసి, "వస్తున్నా, పూర్తి చేద్దాం" అన్నాడు. ఆ ఫోన్‌లోనే చెప్పాను, తప్పు నాదనీ, ఏడాదిగా అందరికీ వేరేగా చెప్తున్నాననీ. కాసేపు ఏమీ అనలేదు. "తెలుసు, లాగులు చదివా" అన్నాడు.

అదే షాపుకి వెళ్ళి సీక్వెన్షియల్ ట్రిగ్గర్ ఉన్నది కావాలని అడిగాను. కౌంటర్లో కుర్రాడు, ఈసారి వేరే కుర్రాడు, అంటే ఏమిటన్నాడు. లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చి, ఉంది, కానీ అది స్లో అన్నాడు. ఇవ్వమన్నాం. నాలుగో గోడ ఎత్తడానికి మాకు సాయంత్రం దాకా పట్టింది.