మర జారితే మరొకటి కొనాలా?

పిల్లలూ! పొలాల్లో రైతులు వీపున మోస్తూ మందు కొట్టే పవర్ స్ప్రేయర్లను మీరు చూసే ఉంటారు. పాల క్యాన్లు మోసే మోపెడ్లను రోజూ చూస్తూనే ఉంటారు. వీటిని నడిపేది ఒక చిన్న ఇంజను. చాలా చిన్న ఇంజన్లలో సైలెన్సర్‌ను పట్టి ఉంచేవి రెండంటే రెండు బోల్టులు. వాటిలో ఒకటి బిగియకుండా ఊరికే తిరుగుతూ ఉంటే, "త్రెడ్డు పోయింది" అంటాడు మెకానిక్. పక్కనున్న వాళ్లెవరో, "ఇంకేముంది, సిలిండర్ మార్చెయ్యడమే!" అంటారు. ఈ మాట సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, మీరూ ఆలోచించండి.

ముందు మర అంటే ఏమిటో చూద్దాం. ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించండి. దాని నిలువు అంచును పెన్సిలుకు ఆనించి చుట్టండి. ఏటవాలు అంచు పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పోతుంది. అదే మర! అంటే, చుట్టిపెట్టిన వాలుతలమే మర అన్నమాట. 6 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు మరభ్రమణాంతరం 1 మిల్లీమీటరు. పానా ఒక పూర్తి చుట్టు తిరిగితే బోల్టు కదిలేది అంతే. అందుకే చేతి బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బోల్టు తల ఆనుకున్నాక ఇంకా బిగిస్తే బోల్టు స్ప్రింగులా రవ్వంత సాగుతుంది. మళ్లీ కుదించుకోవాలని అది లాగే బలమే సైలెన్సర్‌ను ఇంజనుకు అదిమి ఉంచుతుంది.

మరి మర ఎందుకు పోతుంది? బోల్టు ఉక్కుది. దాన్ని పట్టుకున్న రంధ్రం అల్యూమినియంలో ఉంది. అల్యూమినియం ఉక్కు కన్నా మెత్తన. పైగా వేడెక్కితే ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఇంజనులో బాగా వేడెక్కే చోట్లలో పొగ బయటికి వచ్చే ద్వారం ఒకటి. అక్కడ రోజూ వేడెక్కడం, చల్లారడం. పైన మసి, తేమ, తుప్పు. ఇవన్నీ కలిసి బోల్టును కరిపించేస్తాయి. దాన్ని బలవంతంగా విప్పితే మెత్తని అల్యూమినియం మరలు బోల్టుతోపాటు ఊడి వచ్చేస్తాయి.

రెండో కారణం మన చెయ్యే! ఆ చిన్న బోల్టుకు కావలసింది సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు. 20 సెంటీమీటర్ల పానా చివర 5 కిలోల బరువంత బలం చాలు. పెద్దవాళ్లు ఒళ్లు వంచి నొక్కితే 20 కిలోల బలం తేలిగ్గా పడుతుంది. నాలుగింతలు! పాపం, అల్యూమినియం మర ఎలా తట్టుకుంటుంది?

పోనీ, అలాగే వదిలేస్తే? సందులోంచి వేడి పొగ బయటికి చిమ్ముతుంది. చప్పుడు పెరుగుతుంది. ఆ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. స్ప్రేయర్ ఇంజను ఉండేది మనిషి వీపు వెనుకే అని మరిచిపోకండి! కొందరు రంధ్రంలో జిగురు నింపుతారు. మామూలు ఎపాక్సీ జిగుర్లు ఆ వేడికి మెత్తబడిపోతాయి. ఇంకొందరు పెద్ద బోల్టును బలవంతంగా దిగ్గొడతారు. అప్పుడు రంధ్రం చుట్టూ గోడ పలచబడి పగులు రావచ్చు.

సరైన వైద్యం వేరే ఉంది. ముందు పొగ ద్వారంలో గుడ్డ కుక్కి, రజను లోపల పడకుండా చూడాలి. పాడైన రంధ్రాన్ని దాదాపు 6.3 మిల్లీమీటర్లకు డ్రిల్లు చేయాలి. తర్వాత ప్రత్యేకమైన ట్యాపుతో కొత్త మరలు కోయాలి. అల్యూమినియానికి కిరసనాయిలు మంచి కందెన. ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోతే రజను తెగి పడుతుంది. చివరగా ఆ మరల్లోకి స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగను ఎక్కించాలి. దీన్నే హెలికాయిల్ అంటారు. దాని చిన్న తోకను విరిచి బయటికి తీసేస్తే పని అయిపోయినట్లే. తీగ లోపలి వైపు మళ్లీ అదే 6 మిల్లీమీటర్ల మర! పాత బోల్టు కొలతే సరిపోతుంది.

ఇక్కడే అసలు విశేషం ఉంది. ఈ కొత్త మర సాధారణంగా పాతదాని కన్నా గట్టిది. బోల్టు రాపిడి ఇప్పుడు ఉక్కు తీగ మీద పడుతుంది. అల్యూమినియం కూడా ఇంతకు ముందు కన్నా వెడల్పైన చుట్టుకొలత మీద బరువు మోస్తుంది. విమాన ఇంజన్లలోని తేలికలోహపు భాగాలకు కొత్తగా ఉన్నప్పుడే ఇలాంటి చుట్లు బిగిస్తారు. కాబట్టి బాగు చేసినదంటే నాసిరకమని అనుకోవడం పొరపాటు.

"పాత సిలిండర్ను కరిగిస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే! ఖనిజం నుంచి ఒక కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. పాత లోహాన్ని కరిగిస్తే అందులో 20వ వంతు శక్తి చాలు. కానీ మళ్లీ పోత పోయాలి, చెక్కాలి, నునుపు చేయాలి. వేలి గోరంత తీగతో పోయేదానికి ఇదంతా దేనికి? అయితే రంధ్రం చుట్టూ లోహం పగిలి ఉంటే మాత్రం మార్చక తప్పదు. మరమ్మతు తెలిసినవాడికి ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి.

1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్వర్త్ మరలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని ప్రతిపాదించాడు. అంతకు ముందు ఒక కార్ఖానా బోల్టు మరో కార్ఖానా నట్టులో పట్టేది కాదు. ఆ ఆలోచన పెరిగి పెద్దదైంది గనుకనే నేడు ఎక్కడో తయారైన తీగ మన ఊరి ఇంజనులో సరిగ్గా అమరుతోంది. 2022లో మన కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. మంచిదే. కానీ హక్కు ఒక్కటే ఉంటే చాలదు, పని చేతికి రావాలి.

అందుకే నేననేది ఇది: ప్రతి బడిలోనూ ఒక వైసు, ఒక అల్యూమినియం దిమ్మ, కొన్ని ట్యాపులు ఉండాలి. స్క్రూగేజి లెక్కలు నోట్సులో రాసే పిల్లలు ఆ మరనే ఒకసారి చేత్తో కోసి చూడాలి. మీ ఉపాధ్యాయులను అడగండి. అయితే వేడి ఇంజను మీద, డ్రిల్లు మిషను మీద పెద్దవాళ్లు లేకుండా మాత్రం చెయ్యి వేయకండి. ఈసారి ఎవరైనా "మార్చెయ్యడమే" అంటే, "బాగు చేయలేమా?" అని అడగండి. ఆ ప్రశ్న వేయడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు కదూ!